కాటా సార్ భయం

మొన్న వానాకాలంలో మా స్కూల్లో కబడ్డీ ఆడుతూ ఏడో తరగతి పిల్ల ఒకతె వెల్లకిలా పడింది. తల నేలకు తగిలిన చప్పుడు నేను నిలబడిన చోటికి వినిపించింది. పుత్తూరు దగ్గర ఒక స్కూల్లో నేను వ్యాయామం టీచర్ని. పిల్లలు పడడం, లేవడం నాకు రోజూ ఉండేదే. ఆ పిల్ల కూడా లేచి నిలబడి, లంగాకు అంటిన దుమ్ము దులుపుకుని, “ఏం కాలేదు మేడం” అని నవ్వింది. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

ఆటో పిలిచి తిరుపతికి తీసుకుపోయాను. వడమాలపేట దాటేటప్పటికి ఆ పిల్లకు కళ్ళు మూతలు పడుతున్నాయి. భుజం పట్టి కుదుపుతూ, ఎక్కాలు చెప్పించుకుంటూ, దారిలో కనబడే బోర్డులన్నీ చదివించుకుంటూ తీసుకుపోయాను. ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు ఆమె కళ్ళల్లోకి టార్చి వేసి చూసి, “పొద్దున ఏం తిన్నావమ్మా?” అని అడిగాడు.

“పొంగలి” అంది పిల్ల.

“దాంట్లోకి ఏం ఏసుకున్నావు?”

“చెనక్కాయల చట్నీ.”

డాక్టరు నావైపు తిరిగి ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. నా కళ్ళ నిండా నీళ్ళు. ఆ రెండు ప్రశ్నలూ అదే వరసలో నన్ను ఏళ్ళ తరబడి రోజూ అడిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. మేం ఆయన్ని కాటా సార్ అనేవాళ్ళం.

పిల్లకు ఏమీ కాలేదని తేలాక, ఆసుపత్రి వరండాలోంచి ఆయన నంబరుకు ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. నేనెవరో చెప్పాను.

“ఆయన లేరమ్మా” అంది ఆమె. “మాఘమాసంలో పోయినారు. గుండె నిలిచిపోయిందంట. మార్కెట్లోనే, కాటా పక్కన కూర్సున్న మనిషి కూర్సున్నట్టే.”

“నాకెవురూ సెప్పలేదమ్మా” అన్నాను. 

“ఎవురికని సెప్పేది. మీరు శానామంది గదా” అంది.

* * *

చిత్తూరులో బెల్లం మార్కెట్ ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి గానుగ బెల్లం అక్కడికి వస్తుంది. కాటా సార్ అక్కడ తూకం వేసే మనిషి. తెల్లవారింది మొదలు మధ్యాహ్నం మూడింటి దాకా బెల్లం తూచి, చేతులు కడుక్కుని, మార్కెట్ వెనకున్న పాత గోడౌన్లో మాకు బాక్సింగ్ నేర్పేవాడు. ఎంత కడుక్కున్నా ఆయన ఒంటి నుంచి బెల్లం వాసన పోయేది కాదు. గోడౌన్లోకి ఆయన వెనకే రెండు మూడు తేనెటీగలు వచ్చేవి. వాటిని తోలేవాడు కాదు. “అవి కూడా నేర్సుకునేదానికి వస్తా ఉండాయి, గమ్మునుండండి” అనేవాడు. తమాషాకి ఆయన అన్న మాటలు నాకు గుర్తున్నంతలో అలాంటివి నాలుగైదుకు మించవు.

పొట్టిగా, సన్నగా, మెడ ముందుకు వంగి ఉండేవాడు. ఎప్పుడూ ఏదో చప్పుడు వినబోతున్నట్టు చెవి ఒకపక్కకు పెట్టి నడిచేవాడు. బాక్సింగ్ కోచ్ అంటే గట్టిగా అరిచే మనిషి అనుకుని వెళ్ళాను నేను. ఆయన గొంతు ఎదుటివాళ్ళకు తప్ప మూడోవాళ్ళకు వినిపించదు.

నేను డిగ్రీ చదవడానికి వడమాలపేట నుంచి చిత్తూరు వచ్చి హాస్టల్లో ఉండేదాన్ని. నా గదిలో మదనపల్లె పిల్ల ఒకతె ఉండేది. ఆమె రోజూ సాయంత్రం గోడౌనుకు పోతుంటే తోడుగా పోయాను. సార్ నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, పేరు కూడా అడక్కుండా, “నలబై ఎనిమిదిన్నర” అన్నాడు. మదనపల్లె పిల్ల నవ్వి నన్ను అక్కడున్న కాటా ఎక్కించింది. నలభై ఎనిమిదీ నాలుగు వందల గ్రాములు. మనుషుల బరువు ఆయన అలా చూసి చెప్పేసేవాడు. పండగకు ఊరెళ్ళి వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపి, “ఏమ్మే, కేజీంబావు ఎత్తుకోనొచ్చినావే ఊర్నుంచి” అనేవాడు.

నా చేతులు వేగమని మొదటి నెలలోనే తెలిసింది. ఆయన చప్పట్లు కొట్టేవాడు. ఆ చప్పుడు అయ్యేలోగా ఎదుటి మనిషి చేతుల లోపలికి దూరి రెండు దెబ్బలు వేసి బయటికి వచ్చేయాలి. నేను మూడు వేసి వచ్చేసేదాన్ని. మిగతావాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. ఆయన మాత్రం మెచ్చుకునేవాడు కాదు. దగ్గరికొచ్చి నా కింది కనురెప్ప లాగి చూసేవాడు. గోళ్ళు నొక్కి, రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసేవాడు. ఆ తర్వాత ఆ ప్రశ్నలు.

“పొద్దున ఏం తిన్నావు?”

“సంగటి సార్.”

“దాంట్లోకి?”

“ఊరిబిండి.”

“నిన్న ఏ బస్సులో వచ్చినావు? కిటికీ పక్కన కూర్సున్నావా, ఈ పక్కనా?”

తల మీద ఎంత చిన్న దెబ్బ తగిలినా ఈ విచారణ తప్పదు. జవాబు తడబడితే ఆ రోజుకు గ్లవ్స్ విప్పించేసేవాడు. పోటీల నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవ్వరినీ నిద్రపోనిచ్చేవాడు కాదు. సీటు సీటుకూ వచ్చి భుజం తట్టేవాడు. తట్టినా లేవకపోతే గిల్లేవాడు. గెలిచి మెడలో పతకం వేసుకున్నవాళ్ళను కూడా గిల్లేవాడు. పోటీ జరిగిన మర్నాడు పొద్దున ఆరింటికల్లా ఆయనకు ఫోన్ చేయాలి. చేయకపోతే హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉండేవాడు.

మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఇంత భయస్తుడికి బాక్సింగ్ ఎందుకు, బెల్లం తూచుకోకుండా, అనేవాళ్ళం. ఒకసారి ఎవరో ఆ మాట ఆయన ముందే అన్నారు. ఆయనేం చిన్నబుచ్చుకోలేదు. “బయం యాడో పెట్టేసి రాబాకండి. దాన్నీ ఎంటబెట్టుకోని రాండి. ఈ గోడౌన్లో దానికీ జాగా ఉండాది” అన్నాడు.

పోటీ జరుగుతుంటే కార్నర్లో కుర్చీ ఉన్నా కూర్చునేవాడు కాదు. మిగతా కోచ్‌లు టవల్ మెడలో వేసుకుంటారు; దాన్ని రింగ్‌లోకి విసిరితే మా పిల్ల ఇక ఆడదని ఒప్పుకున్నట్టు. ఆయన దాన్ని ఉండగా చుట్టి రెండు చేతుల్లో పట్టుకునేవాడు. మేం ఎక్కడ కొడుతున్నామో చూసేవాడు కాదు. ఎదుటి మనిషి కళ్ళు చూసేవాడు.

* * *

స్టేట్ సెలక్షన్స్‌కు జిల్లా నుంచి ఒక్కో బరువుకు ఒక్కరినే పంపుతారు. నలభై ఎనిమిది కిలోలకు మదనపల్లె పిల్ల ఉంది. ఆమె నన్ను పదిసార్లలో ఏడుసార్లు ఓడించేది. యాభై ఒకటికి కుప్పం నుంచి ఇంకో అమ్మాయి ఉంది. మూడో ఏడు యాభై నాలుగు కిలోలకు జిల్లాలో ఎవరూ లేరని తెలిసింది. నేను సార్ దగ్గరికి పోయి, ఆ జాగాలో నేను ఆడతానన్నాను.

ఆయన అవునూ కాదూ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం మార్కెట్‌కు రమ్మన్నాడు. వెళ్ళేసరికి ఒక లగేజీ ఆటోను ఖాళీగా నిలబెట్టి ఉన్నాడు. రోడ్డు మీద సుద్దముక్కతో అడ్డగీత గీసి, డ్రైవర్‌తో, “అప్పా, ఆ మలుపు కాడి నుంచి వచ్చి, ఈ గీత కాడ బ్రేక్ కొట్టు” అన్నాడు. ఆటో వచ్చి గీత మీద నిలబడింది. తర్వాత పది బస్తాల బెల్లం ఎక్కించి మళ్ళీ రమ్మన్నాడు. మలుపు దగ్గర కదలడానికే అది మూలిగింది. గీత దగ్గర బ్రేక్ కొడితే రెండు బారలు దాటిపోయి నిలబడింది.

“ఇంజన్ మారిందా?” అని అడిగాడు నన్ను.

“లేదు సార్.”

“బ్రేకు?”

“లేదు.”

“బరువు మారింది, అంతే. నువ్వు మూడు కేజీలు ఎక్కిచ్చుకుంటావు. ఆ మూడు కేజీలు కొట్టేదానికి రావుమే. నీ కాళ్ళకి మోసేదానికి వస్తాయి. లోపలికి పోయేది రవ్వంత ఆలిస్యం, బయటికి వచ్చేది ఇంకా ఆలిస్యం. అవతల పిల్ల సిన్నప్పట్నుంచీ ఆ బరువుతోనే పెరిగింటాది. ఆ పిల్లకి అది బరువు గాదు, ఒళ్ళు.”

“నాకు వేగం ఉండాది గదా సార్.”

ఆయన నన్ను గోడ పక్కన నిలబెట్టి, తన చేయి చాచి వేళ్ళ చివరలు నా నుదుటికి ఆనించాడు. నన్ను చేయి చాచమన్నాడు. నా చేయి ఆయన గడ్డానికి జానెడు దూరంలో ఆగిపోయింది.

“నేను పొట్టోన్ని. నాకే ఇంత తేడా. ఆ బరువులో ఉండే ఆడపిల్లలు నాకంటే పొడుగు. ఈ జానెడూ నువ్వు నడిసి పోవల్ల. దెబ్బ దెబ్బకీ పోవల్ల, దెబ్బ దెబ్బకీ రావల్ల. మొదటి రౌండులో పోయొస్తావు. మూడో రౌండులో పోతావు, రాలేవు.”

ఆయన మాటలు నాకు ఎక్కలేదు. మా నాయనకు కబురు పెట్టాను. నాయన ఇటుక బట్టీలో పనిచేసేవాడు. ఆదివారం నాడు తెల్లచొక్కా వేసుకుని చిత్తూరు వచ్చి, సార్ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సార్, పోలీసు సెలక్షన్లు పడతాయంట. స్టేట్ టీంలో ఉంటే కోటా ఉండాదంట. మా పాపకి ఇదొక్కటే దావ. కాదనబాకండి సార్” అన్నాడు.

“నేను రానంటే మీరు ఇంకెవురినో కార్నర్లో పెట్టుకుంటారు గదా” అన్నాడు కాటా సార్. నాయన కట్టుకున్న చేతులు విప్పలేదు. “అట్లయితే నేనే వస్తా” అన్నాడు సార్.

రెండు నెలలు తిన్నాను. సంగటి, గుడ్లు, చెనక్కాయలు, అరటిపండ్లు, ఆయన ఇచ్చే బెల్లం. ఆ బరువులో ఆడాలంటే యాభై ఒకటి దాటి ఉండాలి. రెండు నెలల చివరికి నడుము మీద, తొడల మీద కండ పట్టింది. అద్దంలో చూసుకుంటే బలంగా కనిపించేదాన్ని. కానీ సార్ చప్పట్లు కొట్టినప్పుడు ఆ చప్పుడు అయిపోయాక కూడా నేను లోపలే ఉండేదాన్ని. అది ఆయనా చూశాడు, నేనూ చూశాను. ఇద్దరం పైకి అనుకోలేదు.

* * *

సెలక్షన్స్ తిరుపతిలో జరిగాయి. పొద్దున్నే తూకం. కాటా ఎక్కితే యాభై మాత్రమే చూపించింది. దిగి, పక్కకు పోయి, నీళ్ళు తాగడం మొదలుపెట్టాను. సార్ బాటిల్ వెనక బాటిల్ అందిస్తూ మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. మళ్ళీ ఎక్కితే యాభై ఒకటీ వంద గ్రాములు. పాసయ్యాను.

నా ప్రత్యర్థి గోదావరి వైపు పిల్ల. నాకంటే బెత్తెడున్నర పొడుగు. తూకం దగ్గర నా పక్కనే నిలబడి పల్లీ చిక్కీ తింటూ నన్ను చూసి పలకరింపుగా నవ్వింది. మంచి పిల్లలాగే ఉంది. ఆమె మణికట్టు నా మోచేయి దగ్గరి లావు ఉంది. నా నోట్లో తడి ఆరిపోయింది. అప్పుడే తాగిన నీళ్ళన్నీ ఏమైపోయాయో తెలియదు.

మొదటి రౌండు నాదే. నేను లోపలికి దూరుతున్నాను, కొడుతున్నాను, వచ్చేస్తున్నాను. జనంలో మా నాయన గొంతు వినిపిస్తోంది. గంట కొట్టాక కార్నర్‌కు వచ్చి కూర్చున్నాను. సార్ నీళ్ళు పట్టించాడు. ఆయన నన్ను చూడకుండా అవతలి కార్నర్ వైపే చూస్తుంటే నీళ్ళు నా మెడ మీద పడ్డాయి.

“గెలస్తా ఉండాను గదా సార్” అన్నాను.

“గెలస్తానే ఉండావు. ఆ పిల్ల కండ్లు సూస్తా ఉండావా?”

“ఏం?”

“నువ్వు కొడితే రెప్ప గూడా కొట్టలేదుమే. నువ్వు కొట్టింది ఆ పిల్లకి లెక్కే లేదు. ఇప్పుడు నడిసి వస్తాది సూడు. అప్పుడు ఎదురు నిలబడబాక. పక్కకి పో. యాడికన్నా పో.”

ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది అని అప్పట్లో చాలా రోజులు అనుకున్నాను. ఎందుకంటే రెండో రౌండులో నేను నిజంగానే ఆమె కళ్ళు చూశాను. నా ఎడమచేతి దెబ్బ ఆమె బుగ్గ మీద పడింది. చప్పుడు బాగా వచ్చింది. ఆ కళ్ళు నన్నే చూస్తున్నాయి, వర్షంలో నడిచొచ్చే మనిషి చూసినట్టు. ఆమె ఆగలేదు. అంతవరకు నేను ఎవరిని కొట్టినా వాళ్ళు ఒక్క క్షణం ఆగేవాళ్ళు. నేను బయటికి వచ్చేది ఆ క్షణంలోనే. వేగం అంటే నా కాళ్ళల్లో ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. సగం వాళ్ళు ఆగడంలో ఉందని ఆ రోజు తెలిసింది. ఈ పిల్ల ఆగడం లేదు. రింగ్ ఒక్కసారిగా చిన్నదైపోయింది. ఎటు జరిగినా తాళ్ళు వీపుకు తగులుతున్నాయి.

దగ్గరికొచ్చి నా మీద వాలింది. మెడ మీద ఆమె బరువంతా పడింది. రిఫరీ విడదీశాడు. మళ్ళీ వాలింది. నేను తోసుకుని బయటపడేసరికి తొడల్లో సత్తువ లేదు. లోపలికి వెళ్ళాను, కొట్టాను, వెనక్కి అడుగు వేయబోయాను. ఆ అడుగు నేను అనుకున్నాక ఎంతసేపటికో పడింది. ఈలోపల ఆమె కుడిచేయి వచ్చింది.

నొప్పి లేదు. దీపాలన్నీ కొంచెం పక్కకు జరిగినట్టు అనిపించింది. రిఫరీ నా మొహం ముందు వేళ్ళు పెట్టి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. “ఆడగలవా?” అన్నాడు. తల ఊపాను. నిజానికి నాకు ఎంత భయం వేసిందంటే, వద్దు అనడానికి కూడా భయం వేసింది. ఆమె మళ్ళీ నడిచి వస్తోంది. నేను చేతులు ఎత్తాను. అప్పుడు మా ఇద్దరి మధ్యన తెల్లగా ఏదో పడింది. టవల్.

జనం కేకలు వేశారు. అప్పటికి మొదటి రౌండు నాది, రెండో రౌండులో ఇంకా నిమిషం మిగిలే ఉంది. నేను రింగ్ మధ్యలో నిలబడి టవల్‌ను చూస్తూ ఉండిపోయాను. రిఫరీ ఆ పిల్ల చేయి ఎత్తాడు.

కార్నర్‌కు వచ్చేసరికి సార్ నా గ్లవ్స్ విప్పడానికి చేతులు చాపాడు. నేను లాక్కున్నాను.

“మీరు పిరికోళ్ళు సార్” అన్నాను. “మీ బయానికి నన్ను ఓడిచ్చినారు.”

“పొద్దున ఏం తిన్నావుమే?” అన్నాడు ఆయన.

నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడంతో ఆయన మొహంలో రక్తం లేకుండా పోయింది. “సెప్పు తల్లీ. తిట్టు, కొట్టు, ఏమన్నా సెయ్యి. పొద్దున తిన్నిందేందో సెప్పు.” నేను చెప్పేదాకా వదల్లేదు. ఇడ్లీ అని అరిచాను.

మా ఊరి బస్సులో మాతోపాటు ఎక్కాడు. నాయన ఆయనతో మాట్లాడలేదు. నేను కళ్ళు మూసుకుంటే వచ్చి భుజం తట్టాడు. వడమాలపేటలో దిగి, పిలవకపోయినా మా వెనకే వచ్చి, ఇంటి ముందర అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగలేదు. చీకటి పడేవేళకు నేను వాంతి చేసుకున్నాను. ఆయన లేచి నాయనను కూడా అడక్కుండా ఆటో పిలుచుకొచ్చి తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయాడు. స్కానింగ్ తీశారు. ఏమీ లేదన్నారు. నీళ్ళు ఎక్కువ తాగి, ఎండలో ప్రయాణం చేసినందుకే వాంతి అయ్యుంటుందన్నారు.

ఆసుపత్రి గేటు దగ్గర నాయన ఆయనతో ఒకేఒక్క మాట అన్నాడు. “ఇంక సాలు సార్. మా పాపని మర్సిపోండి.”

సార్ తల ఊపి, బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

* * *

నాలుగు నెలలు గోడౌన్ వైపు పోలేదు. పోలీసు సెలక్షన్స్ నేను లేకుండానే అయిపోయాయి. కోపం ఉండేది, కానీ దాని కింద ఇంకొకటి ఉండేది. పడుకుని కళ్ళు మూసుకుంటే, రెప్ప కొట్టని ఆ కళ్ళు నడిచి వచ్చేవి. రోడ్డు దాటాలంటే లారీ ఎంత దూరంలో ఉన్నా నా కాళ్ళు సమయానికి కదలవేమో అనిపించేది. అది ఎవరికీ చెప్పుకోలేదు.

వ్యాయామ విద్య కోర్సుకు దరఖాస్తు చేయడానికి జిల్లాకు ఆడినట్టు కోచ్ సంతకం కావాల్సి వచ్చింది. ఆదివారం పొద్దున ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన చేతిలో సంచీతో గడప దిగుతున్నాడు. నన్ను చూసి ఆగి, “నలబై తొమ్మిది” అన్నాడు. కాగితం అక్కడే గోడకు ఆనించి సంతకం పెట్టాడు. తిరిగి ఇస్తూ, “పని లేకపోతే నాతో పలమనేరు దాకా వస్తావా?” అన్నాడు. ఆ గొంతులో ఏదో ఉంది. కాదనలేకపోయాను.

బస్సు మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరింది. ఊరి చివర ఒక రేకుల ఇల్లు. లోపల మంచం మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. సార్ వయసే. పెద్ద భుజాలు, మెత్తబడిన ఒళ్ళు. ఒక చేయి ఒళ్ళో వాలిపోయి ఉంది. సార్‌ను చూసి మొహం వెలిగి, నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. “వచ్చినాలేరా” అన్నాడు సార్.

ఆ మనిషి చెల్లెలు మాకు టీ ఇచ్చింది. సార్ సంచీలోంచి కత్తెర, సబ్బు తీసి, అతని గోళ్ళు కత్తిరించాడు, గడ్డం గీశాడు. తర్వాత ఎదురుగా కూర్చుని తన అరచేయి చాపాడు. ఆ మనిషి బాగున్న చేతిని పిడికిలి పట్టి పైకి ఎత్తాడు. వణుకుతూ, మెల్లగా, చాలాసేపు ప్రయాణం చేసి ఆ పిడికిలి సార్ అరచేతిలో పడింది. “అబ్బా, ఏం వేగంరా నీది” అన్నాడు సార్. అతను పెదవి ఒకపక్కగా లాగి నవ్వాడు.

బయటికి వచ్చి బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. అప్పుడు చెప్పాడు.

“వాడు జిల్లాలోకల్లా వేగం. ఒక బరువు పైన పోటీకి ఒక్కడే ఉండాడని ఎక్కిచ్చినారు. రెండు రౌండ్లు వాడే గెలిసినాడు. మూడోది మొదులు పెట్టేతలికి కాళ్ళు రాలా. దెబ్బ తగిలింది. పడలేదు గూడా. ఓడిపోయి, నవ్వతా దిగినాడు. అన్నం తిన్నాడు. బస్సెక్కినాడు. బస్సులో నిద్దరపోయినాడు.”

“మీరు అప్పుడు కార్నర్లో ఉన్నారా సార్?”

“కొట్టింది నేనేమే” అన్నాడు. “అప్పుడు నేను ఇట్ల లేను. అరవై కేజీలు. వాడు నాకు స్నేహితుడు. జిల్లా సెలక్షన్, ఇద్దురిదీ ఒకే బస్సు. నా బుజం మీదే తల పెట్టుకోని పడుకున్నాడు. శానా అలిసిపోయినాడులే, పడుకోనీ అని నేను కదల్లేదు. వాడు లేస్తాడని చిత్తూరు దాకా బుజం గూడా కదిలిచ్చలేదు.”

లారీలు పోతున్నాయి. దుమ్ము లేస్తోంది. ఇన్నాళ్ళూ ఈయన పొట్టిగా, సన్నగా ఉంటాడు కాబట్టి, ఎవరో పెద్దవాళ్ళ చేతుల్లో దెబ్బతిని భయపడ్డాడనుకున్నాను. మేమందరం అలాగే అనుకున్నాం.

ఆ మర్నాడే నేను గోడౌనుకు తిరిగి వెళ్ళాను. మదనపల్లె పిల్లకు ఉద్యోగం వచ్చి పోయాక, కోర్సు చదువుకుంటూనే నలభై ఎనిమిది కిలోల్లో ఇంకో రెండేళ్ళు ఆడాను. కొన్ని గెలిచాను, కొన్ని ఓడాను. కానీ ఇదంతా తర్వాతి సంగతి. ఆ రోజు పలమనేరు రోడ్డు మీద నా మనసులో ఉన్నది ఒకటే ప్రశ్న. నాలుగు నెలలుగా నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

“ఆ పొద్దు మీరు టవల్ ఏసింది కరెక్టేనా సార్? ఆ పిల్లని నేను కాసుకోలేకపోదునా?”

“నాకేం తెలుసుమే” అన్నాడు. “కాసుకోనుంటావేమో. గెలిసుంటావేమో. అది తెలుసుకోవల్లంటే ఇంకొక్క దెబ్బ సూడాల. ఆ దెబ్బ సూడలేకనే ఏసినా. నువ్వు నన్ను తిట్టుకుంటానే ఉండు. బతికినన్నాళ్ళూ తిట్టుకో. తిట్టుకునేదానికి నీకు తెలివుండాది గదా. నాకది సాలు.”